చేపల్ని పిండి చేసి ప్రపంచం ఆకలి తీరుస్తామన్నారు, మరి ఏటయింది?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చేపలకి గవర్నమెంట్ సపోర్ట్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వేట నిషేధం డబ్బులే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఒడ్డున పెట్టేస్తే కుటుంబానికి ఇంత అని ఇస్తారు, అది 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు చేసి ఆ ప్రోగ్రాం మన ఎచ్చెర్ల నియోజకవర్గం బుడగట్లపాలెంలోనే మొదలెట్టారు. దాని తర్వాత డీజిల్ సబ్సిడీ, జెట్టీలు, హార్బర్లు, వలలు, ఇంజన్లు. ఇవన్నీ చేప పట్టేవాడికి ఇచ్చే సాయం, తప్పేం లేదు, ఇంకా ఇవ్వాలి కూడా. కానీ పట్టిన చేప చివరికి ఎవరి కంచంలోకి పోతోంది, అసలు కంచంలోకే పోతోందా అన్నదాని మీద గవర్నమెంట్లు డబ్బు పెట్టడం ఇంకో కథ, అది అరవై ఏళ్ళ పైనాటి కథ, అమెరికాలో మొదలై ఇప్పుడు మన పక్కనున్న ఒడిశా దాకా వచ్చింది. చేపల ప్రొటీన్‌తో ప్రపంచంలో ఆకలి లేకుండా చేద్దాం అన్న ఐడియా ఇప్పుడు మళ్ళీ కొత్త బట్టలు కట్టుకుని తిరుగుతోంది కాబట్టి పాత కథ ఓపాలి చూసుకోవడం మంచిది.

1960ల్లో పరిస్థితి ఏంటంటే, ప్రపంచ జనాభా పెరిగిపోతోంది, తిండి సరిపోదు అన్న భయం గట్టిగా ఉండేది. మన దేశంలో అయితే వరసగా కరువులు, 1966లో బిహార్ కరువు, పీఎల్ 480 అనే అమెరికా తిండి సాయం చట్టం కింద అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూపులు, మన ఇళ్ళల్లో పెద్దోళ్ళని అడిగితే ఆ ఎర్ర గోధుమల సంగతి ఇప్పటికీ చెప్తారు. అప్పుడు నిపుణులందరూ అన్న మాట ఒకటే, పేద దేశాల్లో అసలు లోటు ప్రొటీన్ లోటు అని. గింజలు తింటున్నారు గానీ మాంసకృత్తులు లేవు, అందుకే పిల్లలు ఎదగట్లేదు అని. ఐక్యరాజ్యసమితి 1968లో ప్రొటీన్ సంక్షోభం ముంచుకొస్తోంది అని ఏకంగా ఒక రిపోర్టే వేసింది. ఇంకోపక్క సముద్రంలో ఎవరూ తినని చేప లక్షల టన్నులు ఉంది. ఈ రెండూ కలిపితే లెక్క కుదిరిపోయింది కదా అనుకున్నారు, తినని చేపని పట్టి, వాసన రుచి లేకుండా తెల్లటి పిండి చేసి, రొట్టెలో, గంజిలో, నూడుల్స్‌లో కలిపేస్తే తినేవాడికి తెలీకుండానే ప్రొటీన్ వెళ్ళిపోద్ది. దానికి పెట్టిన పేరు ఫిష్ ప్రొటీన్ కాన్‌సన్‌ట్రేట్, పొట్టిగా ఎఫ్‌పీసీ.

కాగితం మీద చూస్తే ఇది నిజంగా మంచి ఐడియానే. చేపలో నూటికి 75, 80 వంతులు నీళ్ళే, మిగతాదాంట్లో ప్రొటీన్, కొవ్వు, ముళ్ళు. నీళ్ళు, కొవ్వు తీసేస్తే మిగిలేదాంట్లో దాదాపు 80 శాతం ప్రొటీన్, పైగా బియ్యంలో గోధుమల్లో తక్కువ ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌లో ఒక ముక్క, చేపలో దండిగా ఉంటుంది కాబట్టి అన్నానికి చేప సరైన జోడీ. అమెరికా ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మేరీల్యాండ్ ల్యాబ్‌లో దీనికి ఒక పద్ధతి తయారు చేశారు. హేక్ అనే చవక చేపని తల, పేగులతో సహా మొత్తంగా రుబ్బేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, అంటే కోవిడ్ టైంలో శానిటైజర్లలో మనందరం చేతులకి రాసుకున్న ఆ స్పిరిట్‌లో, మళ్ళీ మళ్ళీ కడిగితే నీళ్ళు, కొవ్వు రెండూ దానితోపాటు బయటికొచ్చేస్తాయి. మిగిలిన ముద్దని ఆరబెట్టి దంచితే పిండి. వంద కిలోల చేప పెడితే సుమారు 15 కిలోల పొడి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వీటికి గ్రేడ్లు కూడా పెట్టింది, కొవ్వు 0.75 శాతం మించకుండా వాసన లేనిది ఏ టైపు, 3 శాతం దాకా కొవ్వు ఉండి చేప వాసన తెలిసేది బీ టైపు, శుభ్రంగా చేసిన మామూలు ఫిష్‌మీల్ సీ టైపు. అమెరికా వాళ్ళ పట్టుదలంతా ఏ టైపు మీదే.

ఇంతకీ దీని వెనక ఉన్నది ఆకలి మీద బాధ ఒక్కటేనా అంటే, కాదు. న్యూ ఇంగ్లండ్ తీరంలో ఫిషింగ్ అప్పటికే దెబ్బతినేసి ఉంది, రష్యా ట్రాలర్లు వాళ్ళ తీరం ముందే లంగరేసి చేపలు లాగేస్తుంటే వీళ్ళ బోట్లు పాతబడి మూలన పడ్డాయి. మసాచుసెట్స్ సెనేటర్ సాల్టన్‌స్టాల్, వాషింగ్టన్ రాష్ట్రం సెనేటర్ మ్యాగ్నసన్, ఇద్దరూ తీర ప్రాంతం వాళ్ళే, ఎఫ్‌పీసీకి గట్టిగా నిలబడింది కూడా వీళ్ళే. అంటే అక్కరలేని చేపకి మార్కెట్ దొరుకుద్ది, సొంత ఓటర్లకి పని దొరుకుద్ది, దాన్నే ఆకలి పేరు మీద చేస్తే ఎవరూ కాదనలేరు. నేను దీన్ని తప్పు పట్టట్లేదు, ఏ దేశంలో అయినా ఫుడ్ స్కీం అంటే సగం పండించేవాడి కోసమే పుడుతుంది. కాకపోతే తినేవాడిని ఎవరూ అడగలేదు అన్న పాయింట్ గుర్తుపెట్టుకోండి.

అసలు తమాషా ఏంటంటే దీనికి మొదట అడ్డుపడింది వాళ్ళ గవర్నమెంటే. మందులకీ తిండికీ లైసెన్స్ ఇచ్చే ఎఫ్‌డీఏ 1962లో ఇది కుదరదు అంది, ఎందుకంటే 1938 నాటి వాళ్ళ చట్టం ప్రకారం మురికి పదార్థం ఉన్న తిండి కల్తీ కింద లెక్క, తల, కళ్ళు, పేగులు, పేగుల్లో ఉన్నదాంతో సహా రుబ్బేస్తున్నారు కాబట్టి ఇది మురికే అన్నారు. మరి డబ్బా సార్డీన్లు మొత్తంగా తింటున్నాం కదా, ఆల్చిప్పలు పొట్టతో సహా మింగుతున్నాం కదా అని అవతలి వాళ్ళ వాదన. పాల వ్యాపారం వాళ్ళకి కూడా ఈ పొడి రావడం ఇష్టం లేదు, పాలపొడికి పోటీ వస్తుందని. అందులో ఇరుకున పడ్డ విషయం ఇంకోటి ఉంది, మా దేశంలో తినడానికి పనికిరాదు గానీ మీరు తినండి అని ఏ మొహం పెట్టుకుని పేద దేశాలకి పంపుతారు? మీరు తినని దాన్ని మేమెందుకు తినాలి అని ఎవరైనా అడిగితే జవాబు లేదు.

ఆఖరికి 1966 నవంబర్‌లో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంట్, ప్రయోగ ప్లాంట్లు కట్టడానికి చట్టం చేసింది, వైస్ ప్రెసిడెంట్ హంఫ్రీ సముద్రం నుంచి తిండి అని ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాం తలకెత్తుకున్నాడు, 1967 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ కూడా పర్మిషన్ ఇచ్చింది. ఇచ్చింది అంటే చేతులు కట్టేసి ఇచ్చింది, హేక్ లాంటి చేపతో మాత్రమే చెయ్యాలి, ముళ్ళల్లోంచి వచ్చే ఫ్లోరైడ్ ఇంతకు మించకూడదు, అమ్మేది మాత్రం ఒక పౌండు మించని చిన్న ప్యాకెట్లలో ఇంటి వాడకానికి అమ్మాలి. ఆలోచించండి, ఈ పొడి కనిపెట్టిందే బేకరీల్లో ఫ్యాక్టరీల్లో టన్నుల లెక్కన పిండిలో కలపడానికి, దాన్ని చిన్న చిన్న ప్యాకెట్లలో ఇంటావిడకి అమ్మమంటే ఆవిడ ఏం చేసుకుంటుంది దాంతో? అబర్డీన్ అనే ఊళ్ళో గవర్నమెంట్ డబ్బుతో ప్లాంట్ కట్టి 1971 ప్రాంతంలో నడపడం మొదలెట్టారు, 1972తో ప్రోగ్రామే మూసేశారు.

ఎందుకు ఫెయిలయ్యింది అంటే చాలామంది రుచి బాలేదు కాబట్టి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది కాదు, ఏ టైపు పొడికి రుచే లేదు, అదే ఇబ్బంది అయింది. ఆల్కహాల్‌లో అన్నిసార్లు ఉడికి ఆరిపోయిన ప్రొటీన్ నీళ్ళల్లో కలవదు, పాలల్లో కలిపితే అడుక్కి దిగిపోద్ది, నోట్లో ఇసకలాగ తగులుద్ది, పిండిలో కలిపితే రొట్టె పొంగదు. పాలపొడికి నురగొస్తుంది, గుడ్డు కలిపితే పట్టుకుంటుంది, సోయా పిండి నీళ్ళు పీలుస్తుంది, ఈ పొడి మాత్రం ఊరికే పడి ఉంటుంది. ఫ్యాక్టరీ వాడు కొనాలంటే పోషకాలు ఒక్కటే సరిపోవు, పదార్థానికి ఏదో ఒక పని చేతనవ్వాలి. పైగా సాల్వెంట్, అంటే కడగడానికి వాడే ఆ స్పిరిట్, కొనడం, దాన్ని మళ్ళీ పట్టుకుని శుద్ధి చేసుకోవడం, అది మండే సరుకు కాబట్టి జాగ్రత్తలు, వీటన్నిటితో ఖర్చు పెరిగింది, పక్కనే సోయా చవగ్గా దొరుకుతోంది. మన దేశంలో అయితే అప్పటికే మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు వేరుశనగ పిండి మూడు పాళ్ళు, శనగపిండి ఒక పాలు కలిపి మల్టీపర్పస్ ఫుడ్ అని తయారు చేశారు, దానికి సముద్రంలోకి వెళ్ళక్కరలేదు, ఆల్కహాల్ అక్కరలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, హైదరాబాద్‌లో తేలిన విషయం ఇంకో ఎత్తు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్, అక్కడ డాక్టర్ సి. గోపాలన్ వాళ్ళు పల్లెటూరి పిల్లలు రోజూ ఏం తింటున్నారో కొలిచి చూశారు. చూస్తే ఏం తెలిసింది, అన్నం పప్పు తినే పిల్లలకి ప్రొటీన్ మరీ తక్కువేం కాదు, అసలు తిండే తక్కువ. కడుపు నిండా తిననప్పుడు ఒంట్లోకి వెళ్ళిన ప్రొటీన్‌ని కూడా ఒళ్ళు పొయ్యిలో కట్టెలాగ కాల్చేసుకుంటుంది, కండ పెట్టడానికి మిగలదు. దీన్ని రుజువు చెయ్యడానికి వాళ్ళు పిల్లలకి గోధుమ పిండి, పంచదార, నూనె కలిపి రోజుకి 310 క్యాలరీలు ఇచ్చారు, అందులో ప్రొటీన్ 3 గ్రాములే, 14 నెలల తర్వాత చూస్తే ఆ పిల్లలు ఎత్తు బరువు బాగా పెరిగారు. 1973లో ఈ రిజల్ట్ అచ్చయింది. అదే టైంలో పి.వి. సుఖాత్మే అనే మన స్టాటిస్టిక్స్ ఆయన, ఎఫ్‌ఏఓలో పెద్ద పోస్టులో చేసినాయన, లెక్కలేసి అదే మాట అన్నాడు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ అనే డాక్టరు లాన్సెట్‌లో ప్రొటీన్ లోటు అన్న ప్రచారం మొత్తాన్ని ఉతికి ఆరేశాడు. అంటే అంత డబ్బు పోసి తయారు చేసిన జవాబుకి అసలు ప్రశ్నే తప్పని తేలింది. ఆకలికి కారణం సముద్రంలో ప్రొటీన్ పట్టలేకపోవడం కాదు, చేతిలో డబ్బు లేకపోవడం.

ఇక్కడితో ఆపేస్తే చేప దండగ, అన్నం నూనె ఇస్తే చాలు అన్నట్టు వినిపిస్తుంది, చాలామంది అలాగే ఆపేస్తారు కూడా. అది కూడా తప్పే. ఏపీలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళ లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, ఆడవాళ్ళల్లో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. రేషన్ బియ్యం అందరికీ దొరుకుతున్న రాష్ట్రంలో పరిస్థితి ఇది. కడుపు నిండుతోంది గానీ ఐరన్, జింక్, కాల్షియం, బీ12, విటమిన్ ఏ లాంటివి అందట్లేదు, మళ్ళీ ఇవే చిన్న చేపలో పుష్కలంగా ఉంటాయి, బీ12 అయితే సహజంగా జంతువుల నుంచి వచ్చే తిండిలోనే దొరుకుతుంది. అంటే చేప విలువ ప్రొటీన్ ఒక్కదాంట్లో లేదు, మొత్తం చేపలో ఉంది.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఎఫ్‌పీసీ ఏం చేసిందో చూడండి. వాసన పోవాలని కొవ్వు మొత్తం కడిగేశారు, కొవ్వుతోపాటే విటమిన్ ఏ పోయింది, ఒమేగా 3 పోయింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చేపలో వేరే ఎక్కడా దొరకని వాటిని పారబోసి, పప్పులో కూడా దొరికే ప్రొటీన్‌ని జాగ్రత్తగా డబ్బాలో పెట్టారు. ఇంకో విడ్డూరం, బంగ్లాదేశ్‌లో మోలా అని వేలెడంత చెరువు చేప ఉంది, దాని విటమిన్ ఏలో ఎక్కువ భాగం కళ్ళల్లోను పేగుల్లోను ఉంటుందని తర్వాత పరిశోధనల్లో తేలింది. ఎఫ్‌డీఏ మురికి అన్న భాగాలు అవే మరి. మనవాళ్ళు నెత్తళ్ళు తలకాయ తుంపకుండా వేపుకు తింటే మొరటు తిండి అనుకునే వాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

ఆ మోలా మీద జీవితాంతం పని చేసినావిడ శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్, ట్రినిడాడ్‌లో పుట్టిన భారత సంతతి ఆవిడ, 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. ఆవిడ చేసింది పెద్ద టెక్నాలజీ ఏం కాదు, పేదవాళ్ళు ఆల్రెడీ తింటున్న చిన్న చేపలో ఏముందో కొలిచింది, చెరువులో పెద్ద చేపతోపాటు దాన్ని కూడా పెంచుకోండి అంది, ఎండబెట్టి పొడి చేసి గర్భిణులకి, పిల్లలకి పెట్టండి అంది. ఎఫ్‌పీసీ కూడా పొడే, ఇది కూడా పొడే, కానీ ఒకటి ఫ్యాక్టరీకి మిగిలిపోయిన చేప ఏం చెయ్యాలి అన్న దగ్గర మొదలైంది, రెండోది ఆ ఊరి ఆడవాళ్ళు ఏం వండుతున్నారు అన్న దగ్గర మొదలైంది. నాకైతే ఈ మొత్తం గొడవలో ముడి ఉన్నది ఇక్కడే అనిపిస్తుంది.

ఈ లోపు ఆ మిగిలిపోయిన చేప ఏమయింది? మనుషులకి పొడి చెయ్యడం కుదర్లేదు గానీ కోళ్ళకి, చేపలకి, రొయ్యలకి పొడి చెయ్యడం బ్రహ్మాండంగా కుదిరింది. పెరూ దేశం తీరంలో ఆంకోవెటా అని నెత్తళ్ళ జాతి చేపే, 1970 ప్రాంతంలో ఏడాదికి కోటీ ఇరవై లక్షల టన్నుల పైన పట్టి దాదాపు అంతా ఫిష్‌మీల్ చేసి అమ్మేశారు, 1972లో ఎల్‌నినో, అంటే అక్కడి సముద్రం నీళ్ళు వేడెక్కిపోవడం, వచ్చి, అప్పటికే అతిగా పట్టేసి ఉండటంతో చేప ఒక్కసారి పడిపోయింది. పశ్చిమ ఆఫ్రికాలో మారిటేనియా, సెనెగల్, గాంబియా తీరాల్లో అక్కడి పేదలు రోజూ తినే సార్డినెల్లా, అంటే మన కవళ్ళ లాంటి చేప, ఇప్పుడు ఫ్యాక్టరీలకి పోతోందని అక్కడి ఆడవాళ్ళు, చేపలు ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళు, మొత్తుకుంటున్నారు. మన దేశంలో మంగళూరు, మల్పె వైపు కవళ్ళతో ఫిష్‌మీల్ ప్లాంట్లు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. ఎఫ్‌ఏఓ లెక్కల్లో 2020లో ప్రపంచం మొత్తం చేపల ఉత్పత్తి 17 కోట్ల 80 లక్షల టన్నులైతే అందులో 2 కోట్ల టన్నులు మనుషుల తిండికి కాకుండా పోయాయి, చాలావరకు ఫిష్‌మీల్, చేప నూనెకే.

ఇది మనకి దూరం సంగతి కాదు. 2009లో వనామీ రొయ్య మన దేశంలోకి వచ్చాక ఆంధ్రా రొయ్యల రాజ్యం అయిపోయింది, పూసపాటిరేగ, భోగాపురం తీరం వెంట హేచరీలు చూస్తూనే ఉన్నాం. ఆ రొయ్యకి పెట్టే మేతలో ఫిష్‌మీల్ ఉంటుంది, ఒక కిలో ఫిష్‌మీల్‌కి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. పేదవాడు తినగలిగిన చేపని పొడి చేసి రొయ్యకి పెట్టి, ఆ రొయ్యని ఐసులో పెట్టి అమెరికాకి పంపి, డాలర్లు తెచ్చుకుని, ఆ డాలర్ల లెక్క చూపించి మత్స్య రంగం అభివృద్ధి చెందింది అంటాం. రొయ్యల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, నేను రొయ్యలు వద్దు అనట్లేదు. కానీ గవర్నమెంట్ సపోర్ట్ లెక్కల్లో టన్నులు, ఎగుమతుల కోట్లు కనిపిస్తాయి గానీ ఆ ఊరి అంగన్‌వాడీ పిల్ల కంచంలో ఏం పడింది అన్న కాలమ్ ఉండదు, నా గొడవ దాని మీదే.

కేంద్రంలో 2019లో మత్స్య, పశుసంవర్ధక, పాడి రంగాలకి కలిపి వేరే మంత్రిత్వ శాఖ వచ్చింది, 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్లతో మొదలయ్యింది. అందులో హార్బర్లు, కోల్డ్ స్టోరేజీలు, కేజ్ కల్చర్, ఐస్ ప్లాంట్లు, చేపలమ్మే ఆడవాళ్ళకి బండ్లు, చాలా ఉన్నాయి. కొచ్చిలో 1957 నుంచి ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీ వాళ్ళు చేప వేస్ట్ నుంచి ప్రొటీన్ హైడ్రోలైసేట్, అంటే చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రొటీన్, తీస్తున్నారు, ఇది ఎఫ్‌పీసీకి చిన్నల్లుడు లాంటిది గానీ ఎంజైములతో చేస్తారు కాబట్టి నీళ్ళల్లో కలుస్తుంది, తల, తొక్క, ముళ్ళు పారేసే బదులు పనికొస్తాయి, ఇది నిజంగా ముందడుగే. ఇంకోపక్క కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ వాళ్ళు 2024 జనవరిలో ఒక స్టార్టప్‌తో ఒప్పందం చేసుకున్నారు, ల్యాబ్‌లో కణాల నుంచి చేప మాంసం పెంచడానికి. ఏ చేపలు అనుకుంటున్నారు? చందువ, వంజరం. రీసెర్చ్‌గా చెయ్యాల్సిందే, సింగపూర్, ఇజ్రాయెల్ చేస్తుంటే మనం చూస్తూ కూర్చోకూడదు. కానీ వంజరం ముక్క రేటు తెలిసినవాళ్ళు ఎవరూ అది ఆకలి తీర్చే ప్రాజెక్ట్ అని నమ్మరు. 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్ళు సుమారు 67 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా, ప్రతి కొత్త ప్రొటీన్ ప్రెజెంటేషన్‌లో మొదటి స్లైడ్ ఆ నంబరే, చివరి స్లైడ్‌లో మాత్రం కస్టమర్ వేరే ఉంటాడు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రం ఉంది, రాష్ట్రంలో ఇంత తీరం ఇంకే జిల్లాకీ లేదు. విజయనగరానికి 28 కిలోమీటర్లే గానీ చింతపల్లి, కోనాడ, ముక్కాం లాంటి పల్లెలు దాని మీదే బతుకుతాయి. ఇంత తీరం ఉండి బోటు కట్టుకోవడానికి సరైన చోటు లేక మనోళ్ళు గుజరాత్ వెరావల్ వెళ్ళి కూలికి బోటెక్కుతారు, 2018 నవంబర్‌లో అక్కడి నుంచి వేటకి వెళ్ళిన కొందరు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడే ఉండిపోయినవాళ్ళు ఫైబర్ తెప్పల మీద వెళ్ళి తెచ్చే చేపలో కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలే ఎక్కువ. దండిగా పడ్డ రోజు రేటు పడిపోద్ది, ఐసు చాలదు, లారీ రాదు, అప్పుడు మిగిలినదంతా ఇసక మీద ఎండుతుంది.

ఆ ఎండబెట్టడం దగ్గరగా చూడాలి. తెల్లవారుజామున బోటు దిగిన నెత్తళ్ళు ఏడు ఎనిమిదికల్లా ఒడ్డున పరిచేస్తారు, కొందరు పాత వల పరిచి దాని మీద, చాలామంది ఉట్టి ఇసక మీదే. ఆడవాళ్ళు నడుం వంచి చీపురుతోనో పలుగు కర్రతోనో తిరగేస్తూ ఉంటారు, కాకుల్ని, కుక్కల్ని అదిలించడానికి ఒక గుంటడిని కూర్చోబెడతారు, మబ్బేస్తే బేగి బేగి పోగుచేసి టార్పాలిన్ కప్పుతారు, రెండు రోజులు ముసురు పట్టిందా మొత్తం పురుగు పట్టి పారబోయడమే, లేదా కోళ్ళ మేత వాడికి వచ్చిన కాడికి ఇచ్చెయ్యడమే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు అదే ఎండు నెత్తళ్ళు సంతలో సీతంపేట కొండ మీది వాళ్ళు కొనేసరికి ధర చుక్కల్లో ఉంటుంది. కొనుక్కెళ్ళాక గిన్నెలో వేసి ఎన్ని నీళ్ళు పోసి కడిగినా పంటికింద ఇసక కరకరమంటుంది. గోదాముల్లో పురుగు పట్టకుండా మందు చల్లే వ్యాపారులు కూడా ఉంటారు, అదీ తెలుసుకోవాలి.

మరి ఇదే చేపకి ఇసకని తప్పించి, పైకెత్తిన వల మంచెల మీద గానీ సోలార్ డ్రయ్యర్లలో గానీ ఆరబెట్టి, ఉప్పు వెయ్యకుండా పొడి చేస్తే ఎలా ఉంటుంది? ఉప్పు ఎందుకు వద్దంటే రెండేళ్ళ పిల్లకి పెట్టేది ఉప్పుచేప కాకూడదు, అంత ఉప్పు ఆ ఒళ్ళు తట్టుకోదు. బాగా ఆరిన చిన్న చేప పొడిలో వంద గ్రాములకి సుమారు 60 గ్రాములు ప్రొటీన్, అంటే రెండు చెంచాలు, ఓ పది గ్రాములు, వేస్తే ఒక కోడిగుడ్డులో ఉన్నంత ప్రొటీన్ వచ్చేసినట్టే, పైగా ముళ్ళ కాల్షియం, ఐరన్, జింక్ అదనం. విటమిన్ ఏ మాత్రం ఎర్రటి ఎండలో చాలావరకు పోతుంది, దాని కోసం ఈ పొడి మీద ఆశ పెట్టుకోకూడదు, మునగాకు, బొప్పాయి ఉన్నాయి. చోడి అంబలిలో కలపొచ్చు, పప్పుచారులో కలపొచ్చు, ఎండురొయ్యల పొడి అన్నంలో కలుపుకునే ఇళ్ళల్లో దీన్ని కొత్తగా ఎవరూ నేర్పక్కరలేదు. వాసన ఉంటుంది, ఉండనీండి, ఆ వాసనే మనకి ఆకలి పుట్టిస్తుంది, దాన్ని తియ్యడానికే కదా అమెరికా వాడు అంత ఆల్కహాల్ తగలేసింది.

ఇది ఊహ కాదు, ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో, మయూర్‌భంజ్ జిల్లాలో, వరల్డ్‌ఫిష్ సంస్థ, ఆ రాష్ట్ర ప్రభుత్వం కలిసి అంగన్‌వాడీల్లో ఎండుచేప, చేపల పొడి పెట్టి చూశారు, పొడి తయారీలో మహిళా సంఘాల్ని పెట్టారు. మన దగ్గర అంగన్‌వాడీలో గుడ్డు ఆల్రెడీ వెళ్తోంది, బాలామృతం వెళ్తోంది, అంటే దారి ఉంది, దారిలో ఇంకో సరుకు పెట్టాలి అంతే. చేప తినని ఇళ్ళ పిల్లలకి పెట్టకూడదు, అది అడిగి చెయ్యాలి. వాసన ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పట్టకుండా డబ్బా వేరే ఉండాలి, చెంచా కూడా వేరే ఉండాలి.

కష్టం ఉన్నది పొడి చెయ్యడంలో కాదు, టెండర్లో. అంగన్‌వాడీ సప్లై అంటే టర్నోవర్ ఇంత ఉండాలి, డిపాజిట్ ఇంత కట్టాలి, జిల్లా మొత్తానికి ఒకేసారి సరుకివ్వాలి అని కండిషన్లు ఉంటాయి, వజ్రపుకొత్తూరు పల్లెలో పదిమంది ఆడవాళ్ళ గ్రూపు ఆ కాగితం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఏమవుతుంది, ఎక్కడో దూరంలో ఉన్న పెద్ద మిల్లు వాడు కొంటాడు, ఏ చేపో తెలీదు, ఫిష్‌మీల్‌కి వచ్చిన సరుకే జల్లెడ పట్టి పంపినా పట్టుకునేవాడు ఉండడు. అందుకని ఎవరైనా అధికారి దీన్ని నిజంగా మొదలెడితే జిల్లా మొత్తానికి కాకుండా గార, పూసపాటిరేగ లాంటి ఒకటి రెండు మండలాల్లో, ఆ మండలం తీరంలో ఎండిన చేప ఆ మండలం అంగన్‌వాడీకే వెళ్ళేలాగ, టర్నోవర్ కండిషన్ తీసేసి మొదలెట్టాలి. ప్రతి బ్యాచ్‌కీ తేమ, ఇసక, చేప పాడైతే పుట్టే హిస్టమిన్, పురుగుమందు, కాడ్మియం లాంటి లోహాలు టెస్ట్ చేయించే ఖర్చు గ్రూపు మీద రుద్దకుండా గవర్నమెంటే పెట్టుకోవాలి, విశాఖలో సీఐఎఫ్‌టీ రీసెర్చ్ సెంటర్ ఉంది, శాంపిల్ పట్టుకుని కొచ్చి దాకా పోనక్కరలేదు. వేట నిషేధం 61 రోజులకి సరిపడా స్టాక్ ముందే పెట్టుకోవాలి, దానికి ఆ సంఘాలకి వడ్డీ లేని అప్పు జనవరి ఫిబ్రవరిలోనే, నెత్తళ్ళు చవగ్గా ఉన్నప్పుడే, చేతికి రావాలి, జూన్‌లో శాంక్షన్ చేస్తే ఎండబెట్టడానికి చేపా ఉండదు ఎండా ఉండదు.